తూము దగ్గర ఎల్లవ్వ

మగ్గాలు ఆగిపోతే సూరత్ లింబాయత్‌లో చెవులు నొప్పి పుడతాయని అరవై దాటాక గాని నాకు తెలియలేదు. తమ్ముడి ఇంట్లో పది రోజులుండి పోదామని సూరత్ వచ్చాను. వచ్చిన నాలుగో నాటికి అంటురోగం భయంతో దేశమంతా తలుపులు వేసుకుంది. రైలు లేదు, బస్సు లేదు, గల్లీ మొదట్లో పోలీసులు వెదురు బొంగులు అడ్డం కట్టారు. నేను పుట్టి పెరిగిన గల్లీ ఇది. వారానికొక్క కరెంటు సెలవు రోజు తప్ప ఇక్కడ మగ్గం చప్పుడు ఆగడం నేనెరగను. ఆ చప్పుట్లోనే పాలు తాగాం, ఆ చప్పుట్లోనే ఎక్కాలు చదివాం. పక్క మనిషితో మాట్లాడాలన్నా అరవాల్సిందే కాబట్టి మా గల్లీ వాళ్లకు మెల్లగా మాట్లాడటం ఇప్పటికీ రాదు. అటువంటి చోట ఒక్కసారిగా పిచ్చుకలు వినిపించడం మొదలైంది. మొదటి రోజు మా మరదలు సుజాత గాభరాపడి, ఏదో టిక్కు టిక్కుమంటుంది వదినా, ఒకసారి చూడు అన్నది. వెళ్లి చూస్తే వాళ్ల గోడ గడియారమే. పదేళ్లుగా అక్కడే ఉందట, సెలవు రోజు గల్లీ గోలలో కూడా ఎన్నడూ వినలేదట.

పని లేని ఇంట్లో ఆడవాళ్ల చూపు మొదట అటక మీద పడుతుంది. సుజాత నిచ్చెనెక్కి ఒక్కొక్క సామానే కిందికి అందిస్తుంటే నేనూ, నా మేనకోడలు మహీ అందుకుంటున్నాం. మహి కాలేజీ పిల్ల. తెలుగులో మొదలుపెట్టిన మాటను హిందీలో నడిపించి గుజరాతీలో ముగిస్తుంది. పాత బాబిన్ల సంచీ దిగింది, అమ్మ కుంపటి దిగింది, చివరికి అరచేతిలో పట్టేంత ఇత్తడి గిన్నె దిగింది. అడుగున సూది దూరేంత చిల్లు. "ఇది లీక్ అయితది అత్తమ్మా, భంగార్‌లో ఇచ్చేద్దాం" అన్నది మహి. పాత సామాన్లలో వేయబోతుంటే చేతిలోంచి లాక్కున్నాను. తూము నడిపిన గిన్నె అది అని చెప్పాను. తూమంటే ఏమిటని అడిగింది. చెరువు నీళ్లను కాలువలోకి వదిలే చోటు అన్నాను. "డ్యామ్ దర్వాజానా?" అన్నది. దాని తప్పేమీ లేదు. వానాకాలం వచ్చిందంటే సూరత్‌లో పుట్టిన పిల్లలకు పైన డ్యామ్ దర్వాజాలు ఎన్ని ఎత్తారన్నదే పెద్ద వార్త. తూము దాని కంటికి గాని చెవికి గాని ఎన్నడూ తగల్లేదు. ఆ మాట ఎక్కడ పుట్టిందో తేల్చడానికి మా గల్లీ గల్లీయే ఒక రోజు కొట్లాడిందని చెబితే నవ్వి ఊరుకుంది.

ఆ మధ్యాహ్నమే దాని ఫోనుకు ఎవరో ఒక మెసేజ్ పంపారు. మన పెద్దలు మడి కట్టుకున్నదీ, కొందరిని ఇంటికి దూరంగా ఉంచిందీ ఇటువంటి రోగాలు వస్తాయని ముందే తెలిసి చేసిన శాస్త్రమట. మహి పైకి చదివి, నిజమేనా అత్తమ్మా అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. రోగానికి భయపడి ఇద్దరు మనుషులు ఎడంగా నిలబడితే ఆ ఎడానికి ఒక కారణముంటుంది, ఒక గడువుంటుంది. నేను నీకెంత దూరమో నువ్వూ నాకంతే దూరం. ఆ పెద్దలు పెట్టిన దూరంలో ఒకరు అరుగు మీద నీడలో ఉంటారు, ఇంకొకరు వాకిట్లో ఎండలో ఉంటారు. దానికి గడువు లేదు, మందు లేదు, పరీక్ష లేదు. దాన్ని శాస్త్రమని పిలిచేవాడు శాస్త్రాన్నీ ఎరగడు, సబ్బునూ ఎరగడు. నేనింకా గొంతు సవరించుకుంటున్నాను, ఈ లోపల మహి చెయ్యెత్తి ఆపింది. "భాషణ్ వద్దు అత్తమ్మా. ఆ గిన్నె స్టోరీ చెప్పు." నలభై ఏళ్లుగా వేదికల మీద మాట్లాడుతున్న మనిషిని ఇంత తేలిగ్గా దింపినవాళ్లు లేరు. సరే, గిన్నె కథే చెప్పాను. దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మాది గల్లీ నడుమ ఒంటి గది. ముందు రేకుల వసారా. తెల్లవారితే కుంపట్ల పొగ, మగ్గాల నూనె వాసన, పక్క షెడ్డులో గంజి ఉడికే వాసన కలగలిసి గదిలోకి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా యంత్రాల నూనె వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది. మా నాన్న, బాపు, మగ్గం షిఫ్టు దిగి ఇంటికొచ్చాకే అమ్మ జొన్నరొట్టెల గంప ముందుకు జరిపేది మరి. రొట్టె, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. తిన్నంతసేపూ బాపు ఎవరితోనో ఒకరితో వాదించేవాడు, ఎవరూ దొరక్కపోతే ఉల్లిగడ్డతో వాదించేవాడని అమ్మ అనేది. సిరిసిల్ల దిక్కు పల్లెలో చేతి మగ్గం వదిలి, సూరత్ వచ్చి కరెంటు మగ్గం పట్టుకున్న మనిషి ఆయన. బడి చదువు తక్కువ. కాని వయసులో ఉన్నప్పుడు సంస్కరణ సభ ఎక్కడ జరిగినా కాలినడకన పోయి, చివరి వక్త గొంతు బొంగురుపోయేదాకా కూర్చొని విన్నాడు. సూరత్ వస్తూ ఆయన తెచ్చుకున్న సొమ్మల్లా ఆ వాదనలే.

కరెంటు సెలవు రోజున మా ఇంటి తంతు వేరు. పొద్దున బాపుకు నూనెతో తలంటు. తర్వాత గడ్డం గీసుకొని, ఉన్న ఒక్క తెల్లచొక్కా వేసుకొని, ఆగిపోయిన మగ్గాల షెడ్డుకు పోయేవాడు. అక్కడ ఇనుప తలుపు మీద సున్నపు ముక్కతో ఆ వారం వాదించాల్సిన సంగతి రాసేవాడు. మంచి ముహూర్తాన బిగించిన మగ్గం ఎక్కువ గుడ్డ నేస్తుందా, గ్రహణం రోజు కూర చెడిపోతుందా, ఆడపిల్లకు లెక్కలు ఎందుకు. గల్లీ మొత్తం వచ్చి, నూలు చుట్టే ఖాళీ బీముల మీద, నూలు మూటల మీద కూర్చునేది. బాపు పెట్టిన నియమం ఒక్కటే. ఎదుటి మనిషి మాటను కాదనాలంటే ముందు ఆ మాటను నువ్వే మళ్లీ చెప్పాలి, చెప్పింది విని ఆ మనిషి అవును, నేనన్నది ఇదే అని తలూపాలి. అప్పుడే నీకు జవాబు చెప్పే హక్కు. ఈ నియమం వల్ల వాదనలో సగం మంది మధ్యలోనే చల్లబడేవారు. మా అమ్మ దీన్ని వంటింట్లోకి తెచ్చింది. ఉప్పు ఎక్కువైందని బాపు అంటే, ముందు నేనెంత ఉప్పేసిన్నో చెప్పు, తర్వాత ఎక్కువో తక్కువో చెప్పు అనేది.

ఇక నీళ్ల సంగతి. గల్లీకంతా ఒకటే కుళాయి, అది గల్లీ మొదట్లో. పొద్దున వచ్చి కాసేపటికే ఆగిపోయేది. మొదటి గదుల వాళ్లు బిందెలు, బకెట్లు, పిల్లల మరచెంబులు కూడా నింపుకునే సరికి చివరి గదుల వాళ్లకు కుళాయి బుస కొట్టేది. వాళ్లకు బోరింగు నీళ్లే గతి. సూరత్ బోరింగు నీళ్లు ఉప్పన. పప్పు ఉడకదు, చాయ్ పెడితే పాలు విరుగుతాయి, తలంటుకుంటే జుట్టు చీపురైపోతుంది. రోజూ జుట్టు పట్టుకొని కొట్లాడుకోలేక గల్లీ వాళ్లంతా కలిసి ఇటుకలతో ఒక తొట్టి కట్టారు. కుళాయి నీళ్లన్నీ అందులో పడాలి. తొట్టి అడుగున ఒక గొట్టం, గొట్టానికి కొయ్య బిరడా. బిరడా తీసి రబ్బరు పైపు తగిలిస్తే నీళ్లు చివరి గది దాకా పోతాయి. ఇనుప వాల్వు పెట్టలేదా అంటే రెండుసార్లు పెట్టారు, రెండుసార్లూ ఎవరో విప్పుకుపోయారు. కొయ్య బిరడాను దొంగ కూడా ముట్టడు. ఆ గొట్టానికి ఎవరూ పేరు పెట్టలేదు. మొదటి రోజు నుంచే అందరూ దాన్ని తూము అన్నారు. ఊళ్లో చెరువు కట్ట కింద చూసిందే ఇక్కడ చిన్నదై కనిపించింది వాళ్లకు. తూమన్న తర్వాత దాని దగ్గర ఒక మనిషి కూర్చోవాలి. ఊళ్లలో ఆ మనిషిని నీరటి అంటారు. తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎంత నీరో పంచడం నీరటి పని.

గల్లీలో నీరటి పని తెలిసింది ఒక్క మనిషికే. ఆమె పేరు ఎల్లవ్వ, ఉండేది చివరి గదిలో. కొడుకు మగ్గం నడిపేవాడు. మా బాపు ఊరే వాళ్లది. తరతరాలుగా ఆ ఇంటివాళ్లే చెరువు కాడ నీరట్లు. చెరువు నిండుగా ఉన్నప్పుడు ఎల్లవ్వ మామ ఊపిరి బిగబట్టి మునిగి, అడుగున బిరడా గుంజి, పైకి తేలేవాడట. మామ తర్వాత భర్త, భర్త పోయాక కొన్నేళ్లు ఆమే ఆ పని చేసింది. ఆ చిల్లు గిన్నె మామ చేతిది. నిండు బకెట్లో దాన్ని నీళ్ల మీద వదిలితే చిల్లులోంచి నీరెక్కి మెల్లగా మునుగుతుంది. మునిగితే ఒకరి వంతు అయిపోయినట్టు. గడియారం కంటే నమ్మకమైనది, ఎందుకంటే ఎవరైనా తిప్పుదామన్నా దానికి ముల్లే లేదు. అయితే వాళ్లది ఊరి బయటి వాడ. ఆ ముసలాయన ఒళ్లంతా ముంచిన నీళ్లతో పండిన బియ్యం ఊరంతా తిన్నది. ఆయన వేలు తగిలిన చెంబులో నీళ్లు మాత్రం ఊరు తాగలేదు. ఆ లెక్కను మావాళ్లు నేత పనితో పాటు రైలెక్కించి సూరత్ తెచ్చుకున్నారు.

తూము కాడ ఎల్లవ్వ కూర్చోవాలని బాపు అన్నాడు. చివరి గదుల వాళ్లు సరేనన్నారు. అడ్డం తిరిగింది భూమయ్య, నాకు వరసకు పెదబాపు. ఆయన గది తొట్టిని ఆనుకొని ఉండేది, గల్లీలో మొదటిది. మగ్గాలు బిగించి బాగుచేసే మనిషిని సూరత్‌లో మాస్టర్ అంటారు కాబట్టి ఆయన అందరికీ మాస్టరే. నడుస్తున్న మగ్గం మీద అరచెయ్యి పెట్టి లోపల ఏ పిన్ను అరిగిందో చెప్పేవాడు. సాయంత్రాలు పురాణం చెప్పేవాడు, గొంతు గంటలా ఉండేది. అబద్ధమాడడు. ఒకరి సొమ్ము ముట్టడు. ఎల్లవ్వనూ ముట్టడు. ఆయన తన అడ్డాన్ని ఉత్తిగా పెట్టలేదు, మాటతో పెట్టాడు. "తూమంటే ఏంది? తోయం. తోయమంటే సంస్కృతంల నీళ్లు. తోయమే నోట్లె నలిగి తూమయింది. పేరులనే గంగమ్మ ఉన్నది. గంగమ్మ కాడ ఎవలంటె వాళ్లు కూసుంటరా?" విన్నవాళ్లలో చాలామంది మెత్తబడ్డారు. ఆ గొంతులో ఆ మాట వింటే నాకే ఒక్క నిమిషం నిజమనిపించింది. బాపు పోయి ఇనుప తలుపు మీద సున్నంతో రాశాడు: తూము అనే మాటకు అర్థమేమి?

నేనప్పుడు పై తరగతులకు వచ్చిన పిల్లను. హేతువాదం పుస్తకాలు కొన్ని మింగి, అరగకుండానే త్రేన్చుతున్న వయసు. సంస్కృతం కాదంటే చాలు, దేవుడి పేరు లేకుంటే చాలు, అదే హేతువాదం అనుకునేదాన్ని. వారమంతా ఆలోచించి నా సిద్ధాంతం తయారు చేసుకున్నాను. సెలవు రోజు షెడ్డులో బీము మీదెక్కి నిలబడి చెప్పాను. నీళ్లు ఒక్కసారిగా బయటికి చిమ్ముతాయి, మనిషి తుమ్మినట్టు, కాబట్టి తుమ్ము నుంచి తూము వచ్చింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత షెడ్డు మొత్తం పడీ పడీ నవ్వింది. నేను మళ్లీ నోరు తెరిస్తే చాలు వెనక నుంచి ఒకరు హాచ్చి అనేవారు. చెరువుకు జలుబయిందా పిల్లా అని ఒకరు, మిరియాల కషాయం తాపమని ఒకరు. బాపు నవ్వలేదు. "సాక్ష్యమేంది బిడ్డా?" అన్నాడు. నేను బీము దిగాను. ఆయన మాస్టర్ వైపు తిరిగి సాక్ష్యమేమిటని అదే గొంతుతో అడిగాడు. మాస్టర్, శబ్దం సరిపోతలేదా అన్నాడు. "నా బిడ్డ తుమ్ముకు గూడ సరిపోయింది గద మాస్టరూ" అన్నాడు బాపు. ఈసారి నవ్వు నా వైపు నుంచి మాస్టర్ వైపు తిరిగింది. ఆ రోజంత సుఖంగా నేను మళ్లీ ఎన్నడూ ఓడిపోలేదు.

ఎల్లవ్వ షెడ్డులోకి రాలేదు, గడప బయట కూర్చొని వింటోంది. అక్కడి నుంచే నన్నూ మాస్టర్‌నూ అడిగింది. "మీరిద్దరు ఎన్నడన్న తూముల చెయ్యి వెట్టిండ్రా?" జర బయటికి రండ్రి అన్నది. తొట్టి కట్టగా మిగిలిన మట్టి కుప్ప అక్కడే ఉంది. దాన్ని రెండు చేతులా దగ్గరికి లాగి గట్టులా చేసింది. నూలు అయిపోయిన అట్ట గొట్టం ఒకటి ఏరుకొచ్చి గట్టు అడుగున అడ్డంగా గుచ్చింది. "గిది కట్ట. గిది తూము." జనం చుట్టూ మూగారు. నీళ్లేవి అన్నాడు మాస్టర్. ఎల్లవ్వ తలెత్తి చూసింది. "నీళ్లెందుకు? ఎండకాలం చెరువుల చుక్క నీళ్లుండయి. అప్పుడు తూము తూము గాదా? మా మామ తూముల దూరి ఒండు మట్టి తీసెటోడు. నీళ్లుంటె ఎట్ల దూరుతడు? బొక్క, మాస్టరూ. ఈ దరి నుంచి ఆ దరికి ఖాళీగ ఉండే బొక్క. దాన్ని తూమంటరు. అండ్లకెల్లి ఏం పోతే ఏంది?"

మాస్టర్ ఇంకా తల ఊపలేదు. అప్పుడామె ఆయన్ని వదిలి ఆడవాళ్ల వైపు తిరిగి, ఊళ్లో మీ ఇండ్లల్ల బాసాన్లు తోమిన నీళ్లు గోడ కింది నుంచి బయటికి పోతయి గదా, ఆ సందునేమంటరు అని అడిగింది. ఎవరూ ముందుకు రాకముందే మాస్టర్ భార్య లచ్చవ్వ పెద్దమ్మ, ఆలోచించకుండా, "తూమంటం" అనేసింది. అన్నాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గల్లీ ఘొల్లుమంది. ఎంగిలి నీళ్లు పోయే సందులో గంగమ్మ ఎట్లా ఉందో చెప్పమని ఎవరో మాస్టర్‌ను అడిగారు. బాపు అందర్నీ ఊరుకోమని, నియమం గుర్తు చేశాడు. మాస్టర్ జవాబు చెప్పాలంటే ముందు ఎల్లవ్వ మాటను తాను చెప్పాలి. ఆమెతో నేరుగా మాట్లాడటమే అలవాటు లేని మనిషి, గొంతు సవరించుకొని చెప్పాడు. ఎల్లవ్వ వినేసి, జర తప్పు చెప్పినవ్ మాస్టరూ, మల్ల చెప్పు అన్నది. రెండోసారి చెప్పాడు. ఇంకింత ఉన్నదన్నది. మూడోసారి ఆయన వంగి, మట్టి గట్టులో గొట్టం మీద వేలు పెట్టి, తూమంటే నీళ్లు కాదు, నీళ్లు పోయే బోలు జాగ, నీళ్లున్నా లేకున్నా అది తూమే, మంచి నీళ్లు పోయినా మురికి నీళ్లు పోయినా తూమే అని చెప్పాడు. అవును, గదే నా మాట అన్నది ఎల్లవ్వ.

తర్వాత కాలంలో నేను నిఘంటువులు తిరగేశాను. తమిళంలో తూంబు ఉంది, కన్నడంలో తూబు ఉంది, మన తూము ఉంది. మూడూ ఒక ఇంటి పిల్లలే. తమిళంలో ఆ మాటకు వెదురు గొట్టమనీ, లోపల బోలుగా ఉన్నదనీ అర్థాలు కనిపించాయి. రాయీ, ఇనుమూ రాకముందు ఏ వెదురు బొంగునో గట్టు అడుగున గుచ్చి నీళ్లు వదిలి ఉంటారని ఊహించవచ్చు. ఊహ అనే చెబుతున్నాను, సాక్ష్యం అడిగే తండ్రికి పుట్టినదాన్ని కదా. అయితే నిఘంటువులో ఆ వరుస చదువుతున్నప్పుడు లైబ్రరీలో గట్టిగా నవ్వాను. అంత పెద్ద పుస్తకం చెప్పిందీ, ఎల్లవ్వ అట్ట గొట్టం చెప్పిందీ ఒక్కటే.

వాదన గెలిచింది, నీళ్లు గెలవలేదు. మాస్టర్ లేచి, మాట ఒప్పుకుంటున్న, నా తప్పే, కాని మా ఇంటి బిందె ఆ పైపు కింద పెట్టం అన్నాడు. నాకు కోపం ఆగలేదు. ఒప్పుకున్నాక ఒప్పుకోనట్టు నడిచే మనిషిని చూడటం అదే మొదటిసారి. తర్వాత నా జీవితమంతా అటువంటివాళ్లనే చూశాను, అద్దంలో కూడా ఒకటి రెండుసార్లు. బాపు నా భుజం మీద చెయ్యి వేసి ఊరుకోమన్నాడు. గల్లీ మిగతా వాళ్లంతా ఎల్లవ్వను కూర్చోమన్నారు. ఆమె ఒక్క షరతు పెట్టింది. నీరటి పద్ధతిలో పంచుతాను, అంటే కొన మడికి ముందు, తూము పక్క మడికి చివర. పక్కవాడికి ఎట్లాగూ దగ్గరే కదా, ఆశపడేది దూరంవాడు. అట్లా మొదటి రోజు నీళ్లు చివరి గది నుంచి మొదలై ఒక్కొక్క గుమ్మం దాటుతూ వెనక్కి వచ్చాయి. గిన్నె మునిగినప్పుడల్లా ఎల్లవ్వ కేకేసేది, పైపు పక్క గదికి మారేది. ముప్పై ఏళ్ల ఆడవాళ్లు పిల్లల్లా గంతులేశారు. చివరి గదుల్లో ఆ రోజు పప్పు ఉడికింది. ఆ వాసన మా గది దాకా వచ్చింది.

చివరి వంతు మాస్టర్‌ది. తలుపు మూసి ఉంది. ఎల్లవ్వ గిన్నెను బకెట్లో వదిలి, బిరడా తీయకుండా, గిన్నె మునిగేదాకా కూర్చుంది. మునిగాక లేచి తన గదికి పోయింది. తొట్టిలో ఒక ఇంటికి సరిపడా నీళ్లు మిగిలాయి. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నీళ్లు సరిపోని పిల్లల తల్లులు వచ్చి ఆ మిగిలినవి మాకు పొయ్యరాదా అని అడిగితే, అవి మాస్టర్‌వి అనేది. మాస్టర్ ఇంట్లో మాత్రం బోరింగు నీళ్లే. ఆయన చాయ్ విరిగేది. విరిగిన చాయ్ ఊదుకుంటూ తాగి బాగున్నది అనేవాడట. లచ్చవ్వ పెద్దమ్మ మా అమ్మ దగ్గరికొచ్చి, పప్పుల రాళ్లు పోసినట్టున్నదమ్మా, ఈయన పురాణం తింటడు, నేనేం తినాలె అని మొరపెట్టుకునేది. అమ్మ ఆమెకు చాటుగా ఒక చెంబు నీళ్లివ్వబోతే, పెద్దమ్మే వద్దని చెంబు వెనక్కి జరిపింది. తెచ్చుకుంటే ఆయనే తెచ్చుకోవాలె అన్నది.

ఇక్కడికొచ్చేసరికి మహి ఫోను పక్కన పెట్టేసింది. కింద గల్లీలో చెత్త తీసుకుపోయే మనిషి వచ్చాడు. సుజాత అతనికి పేపర్ గ్లాసులో చాయ్ పోసి గుమ్మం మెట్టు మీద పెట్టింది, అతను తీసుకున్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, ఆ రోజుల్లో మేమంతా ఒకరికొకరం మెట్ల మీదే పెట్టుకున్నాం. కాని ఆ పేపర్ గ్లాసు రోగం కంటే చాలా ముందు నుంచి ఆ ఇంట్లో ఉంది. చుట్టాలకు స్టీలు గ్లాసు, అతనికి పేపర్ గ్లాసు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మా రోజుల్లో మనుషులు ఇంతకంటే మొరటుగా ఉండేవారు. ఒప్పుకోనని మొహం మీద చెప్పేవారు, అందుకని వాళ్లతో వాదించే వీలుండేది. ఇప్పుడు ఇంటింటికీ కుళాయి వచ్చింది, ఎల్లవ్వ కొడుకు నగరం బయట కామ్‌రేజ్ దిక్కు సొంత ఇల్లు కట్టుకున్నాడు, అక్కడికి పోతూ ఎల్లవ్వ గిన్నెను మా అమ్మ చేతిలో పెట్టి పోయింది. బాగుపడలేదని నేననను, ఎంతో బాగుపడ్డాం. అయితే సెలవు రోజున షెడ్డులో కూర్చొని, పక్కింటాయన మాటను మూడుసార్లు తప్పు లేకుండా చెప్పే ఓపిక మాత్రం ఎక్కడో జారిపోయింది. మహి నా మోకాలు తట్టి, మాస్టర్ ఏమయ్యాడు అని అడిగింది.

మాస్టర్ వారం దాటాక ఒక మధ్యాహ్నం షెడ్డు నుంచి బయటికొచ్చాడు. ఎండ రేకులను కాలుస్తోంది. మోచేతుల దాకా మగ్గం నూనె. తన గది దాటి ముందుకు నడిచాడు. మా గది దాటాడు. వసారాల్లో ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఆయన గల్లీ చివరికి ఎప్పుడూ పోలేదు, పని లేదు కదా. ఎల్లవ్వ గడపలో కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఆయన ఆమె ముందర నిలబడి, ఇన్ని రోజులు నా వంతు ఇంకొకలకు ఎందుకియ్యలే అని అడిగాడు. "వంతు వంతే మాస్టరూ. తీసుకునుడు నీ ఇష్టం, ఇచ్చుడు నా పని" అన్నది, చేటలోంచి తలెత్తకుండానే. బిరడా తియ్యమంటావా అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మేం పిల్లలమంతా దగ్గరికి జరిగాం. బాపు మా వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఆ నీళ్లు మున్సిపాలిటీవి. రేపు పొద్దున మా ఆమె బిందె పెడతది. నాకిప్పుడు మీ ఇంటి నీళ్లు కావాలె" అన్నాడు మాస్టర్.

ఎల్లవ్వ చేట పక్కన పెట్టి లోపలికి పోయి, కుండలోంచి చెంబు ముంచుకొని వచ్చింది. అప్పుడు మాస్టర్ నడుం వంచి, నోటి దగ్గర రెండు చేతులూ దోసిలిపట్టాడు. మా ఊళ్లో బయటి వాడ వాళ్లు మా గుమ్మాల ముందు అట్లాగే వంగి నిలబడేవారట, మావాళ్లు పై నుంచి పోసేవారట. ఆయన తన మడి కాపాడుకోవడానికి పట్టాడో, ఆమె చెంబు ముట్టే అర్హత తనకు లేదనుకొని పట్టాడో నాకు ఈనాటికీ తెలియదు. నూనె చేతులు అట్లాగే గాలిలో ఉన్నాయి. ఎల్లవ్వ పోయలేదు.

"దోసిలి దించు మాస్టరూ. మా ఇంట్ల అట్ల పొయ్యం. చెంబు పట్టుకో."

ఆయన నిటారుగా నిలబడి చెంబు అందుకున్నాడు. ఎత్తి పోసుకోలేదు, పెదవికి ఆనించి, కళ్లు మూసుకొని, గటగటా అంతా తాగాడు. తాగాక చెంబును గడప మీద పెట్టడానికి కొంచెం వంగాడు. వంగినవాడు ఆగిపోయాడు. మళ్లీ లేచి, నూనె వేళ్ల మరకలు పడిన ఆ చెంబును తిన్నగా ఆమె చేతిలో పెట్టాడు.